గేటు లేని యూనివర్సిటీలో యూనియన్

ఫ్యాక్టరీలో యూనియన్ అంటే గేటు దగ్గర మీటింగ్, క్యాంటీన్‌లో మాటలు. మరి అందరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచేస్తే? నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ చేశాను కాబట్టి ఈ డౌట్ నాకు బాగా ఉండేది.

దీనికి జవాబు కరోనా కంటే చాలా పాతది. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. 1971లో క్లాసులు మొదలయ్యాయి. పుస్తకాలు పోస్టులో, పాఠాలు బీబీసీ టీవీలో, రేడియోలో. అసైన్‌మెంట్లు దిద్ది, స్టూడెంట్స్‌కి దారి చూపే ట్యూటర్లు మాత్రం దేశమంతా ఎక్కడివాళ్లక్కడే.

అసలు చిక్కు కాంట్రాక్ట్‌లో ఉంది. ఉద్యోగాన్ని ఒక్కో కోర్సుకి ముడిపెట్టారు. ఆ కోర్సు ఆపేస్తే ఆ పనీ పోయినట్టే. ఎన్నేళ్లు చెప్పినా అంతే! ఒక్కొక్కరూ విడిగా అడిగితే ఎవరు వింటారు చెప్పండి? అందుకే యూసీయూ అనే యూనియన్ అందరి తరఫునా బేరానికి కూర్చుంది. 2018లో కొత్త కాంట్రాక్ట్‌కి ఒప్పందం కుదిరింది. అది అమల్లోకి రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. చివరికి 2022 ఆగస్టులో 4,000 మందికి పైగా ట్యూటర్లు పర్మనెంట్ అయ్యారు.

అంటే యూనివర్సిటీ పుట్టిన 53 ఏళ్లకి!

ఇందులో నాకు అర్థమైంది ఒకటే. వాళ్లకి గేటు లేదు, క్యాంటీన్ లేదు. కానీ అందరి చేతిలో ఉన్న కాగితం ఒక్కటే, అందులో ఉన్న భయమూ ఒక్కటే. కలవడానికి అది చాలు. మీ కాంట్రాక్ట్‌లో ఉద్యోగం ఎప్పుడు ముగుస్తుందని రాసుందో ఈ రోజే ఒకసారి చదవండి. మీ పక్కవాళ్లనీ అడగండి.