పెట్టె పలికిన పెట్ట కూత

వసంతం వచ్చిందంటే అమెరికా అడవుల్లో టర్కీ పుంజు తెల్లవారకముందే చెట్టుకొమ్మ మీద నుంచి గడగడమని కూస్తుంది. ఆ కూత విని పెట్టలే దాని దగ్గరకు నడిచి వెళ్తాయి. వేటగాడికి కావలసింది దీనికి తలకిందులు. పెట్ట కూత తాను కూయాలి, పుంజు కొమ్మ దిగి తన దగ్గరకు రావాలి. దాని చూపు మహా చురుకు, చెయ్యి కాస్త కదిలినా పసిగట్టి మాయమవుతుంది. కదలకుండా కూర్చుని పెట్ట గొంతు ఎలా పుట్టించాలి? టర్కీ కూతను అనుకరించే సాధనాలు, అంటే టర్కీ కాల్స్, అన్నీ ఈ చిక్కును విప్పబోయి పుట్టినవే.

మొదటి జవాబు ఆ పక్షి రెక్కలోనే దొరికింది. పెట్ట రెక్కలోని బోలు ఎముకలు శుభ్రం చేసి, ఒకదానిలో ఒకటి దూర్చి అతికిస్తే గొట్టం తయారవుతుంది. అక్కడి ఆదివాసులు ఈ విద్య తెలిసినవాళ్లు. గొట్టాన్ని ఊదకూడదు, పెదవులు బిగించి గాలి లోపలికి పీల్చాలి. సరిగ్గా పీల్చితే పెట్ట నిలబడి పిలిచినట్టే ఉంటుంది, లేకపోతే ఒట్టి చప్పరింపు. 19వ శతాబ్దం చివర్లో చార్లెస్ జోర్డాన్ అనే వేటగాడు ఇలా పీల్చి పలికించే కాల్‌తో పేరు తెచ్చుకున్నాడు. 1909లో ఒక దొంగవేటగాడి తుపాకికి ఆయన బలైపోయాడు. ఆయన రాసిపెట్టిన కాగితాలను ఎడ్వర్డ్ మెక్‌ఇల్హెనీ పూర్తిచేసి 1914లో పుస్తకంగా వేశాడు. అలా కాకపోతే ఆ అనుభవమంతా ఆయనతోనే మట్టిలో కలిసేది.

ఎముక కాల్‌తో వచ్చిన కష్టం పెదవులది. అది పట్టుబడనివాళ్లకు పక్షి దక్కదు. సుద్ద రాసిన చెక్కను పలకరాతి మీద గీకి కూత తెప్పించే చిన్న పెట్టెలూ ఉండేవి. వాటిలో ఏ వాలులో, ఎంత ఒత్తిడితో గీకాలన్నది ప్రతిసారీ చేతికే వదిలేయాలి. అర్కాన్సా రాష్ట్రంలోని డార్డనెల్ ఊరివాడు హెన్రీ గిబ్సన్ 1897లో పేటెంట్ పొందిన పెట్టె ఈ తడబాటుకు ముగింపు పలికింది. సన్నని పక్కగోడలున్న పొడవాటి చెక్కపెట్టె, దాని మీద పిడి ఉన్న మూత, ఆ మూతను ఒక కొసన పట్టి ఉంచే మర. అంతే. కానీ ఆ మర వల్ల మూత కదిలే దారి ఖాయమైపోయింది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అసలైన ఆవిష్కరణ ఆ మరే.

మూత అడుగున సుద్ద రాస్తారు. గోడ అంచు మీద జరుగుతున్న మూత పట్టుకుంటూ జారుతూ, మళ్లీ పట్టుకుంటూ లెక్కలేనన్ని సార్లు వణుకుతుంది. వయొలిన్ కమాను తీగను పలికించేదీ ఇలాగే. మూత అడుగు వంపుగా ఉండటంతో, అది జరిగేకొద్దీ సన్నగా మొదలైన స్వరం విరిగి జీరగా దిగుతుంది. పెట్ట కూతలోనూ ఉండేవి ఈ రెండు మెట్లే. రెండు గోడల మందం వేరుగా పెడితే ఒకే పెట్టెలో రెండు పెట్టలు పలుకుతాయి. సుద్దలో నూనె గానీ మైనం గానీ ఉంటే మాత్రం మూత జారిపోయి గొంతు మూగబోతుంది. వాన తగిలినా అంతే.

అలబామాలోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎమ్.ఎల్. లించ్ 1940లో ఈ పెట్టెనే ‘ఫూల్ ప్రూఫ్’ పేరుతో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. దాంతో తాతతండ్రుల నుంచి విద్య అందనివాళ్ల చేతికీ కూత అందింది.

పెట్టెకు చెయ్యి కదపాలి. పుంజు దగ్గరకొచ్చిన క్షణంలో అదే ప్రమాదం. న్యూ ఆర్లీన్స్‌లోని శామ్యూల్ మెక్లెయిన్ 1921లోనే దీనికి విరుగుడుగా ఒక పేటెంట్ తీసుకున్నాడు. గుర్రపు లాడం ఆకారపు చట్రంలో సన్నని రబ్బరు పొర బిగించి, అంగిట్లో పెట్టుకుని, నాలుకతో అదిమి గాలి వదిలే కాల్ అది. రెండు చేతులూ ఖాళీ. మొదట్లో వాంతి వచ్చినట్టుంటుంది, తర్వాత చాలాసేపు గాలి తప్ప ఏమీ పలకదు. అందుకే అది జనంలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఈలోగా పక్షే కరవైపోయింది. విచ్చలవిడి వేట, అడవుల నరికివేత వల్ల 20వ శతాబ్దం మొదట్లో చాలా రాష్ట్రాల్లో టర్కీ జాడే లేదు. దొడ్లో పెంచిన టర్కీలను అడవిలో వదిలారు, అవి బతకలేకపోయాయి. 1951లో సౌత్ కరొలైనాలో అడవి పక్షుల గుంపు మీదికి వలను పేల్చి విసిరి పట్టే పద్ధతి ఫలించింది. అలా పట్టిన పక్షులను కొత్తచోట్ల వదలగా అవి నిలదొక్కుకున్నాయి. నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ 1973లో ఏర్పడింది. పక్షి తిరిగొచ్చిన చోట్ల నేర్పే పెద్దలు లేరు. ఆ లోటును రికార్డులు, క్యాసెట్లు, కూత పోటీలు తీర్చాయి.

ఇప్పుడు నేర్చుకునేవాళ్లు సాధారణంగా పెట్టెతో మొదలుపెట్టి, పలకరాతి మీద గీకే కాల్‌కు వెళ్లి, ఆపైన నోటి కాల్ పట్టుకుంటారు. అన్నిటికన్నా పాతదైన ఎముక జోలికి వెళ్లేవాళ్లు కొద్దిమందే, అదీ చివర్లో. ఏది పట్టుకున్నా ముందు సాధన చేయాల్సింది స్వరాన్ని కాదు, లయను. అడవిలోని అసలు పెట్టలే ఎన్నోసార్లు గొంతు చెడినట్టు కూస్తాయి. కూతకూ కూతకూ మధ్య ఎడం మాత్రం అవి తప్పవు.