చందా కోసము పరుగు

చందా అడుగుట తేలికయైన పని కాదు. ఆ సంగతి అడుగుటకు బయలుదేరినవానికే తెలియును. గుమ్మము ముందు నిలిచి గొంతు సవరించుకొన్నది మొదలు, ఇంటివారు లోపలికి పోయి ఏదో యొకటి తెచ్చి చేతిలో పెట్టువరకు గడచు రెండు నిమిషములును అభిమానవంతునకు రెండు గడియలుగా తోచును. పరాయివారిని అడుగుట కొంత నయము. స్నేహితులను, కార్యాలయములో ప్రక్క బల్లకడ కూర్చుండువారిని అడుగుట అంతకంటె కష్టము. వారు లేదన్నను మరునాడు వారి ముఖము చూడక తప్పదు గదా!

మన దేశమున ఈ పరీక్షకు నిలిచినవారు తక్కువమంది కారు. వారములు చెప్పుకొని చదువుకొన్న పేద విద్యార్థుల మాట అటుంచుడు. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు ప్రోగు చేయవలెనని సంకల్పించి, జూన్ నెలాఖరు గడువు పెట్టెను. ఆ కోటి యెవరి ఖజానానుండియు ఒక్కసారిగా వచ్చినది కాదు; జోలె పట్టి యడిగినవారి కాళ్ళ నొప్పులే ఆ కోటి. 1951 ఏప్రిల్ 18వ తేదీన అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు తమకు ఎనుబది యెకరముల భూమి చాలునని వినోబా భావేతో చెప్పుకొనగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరము లిచ్చెదనని లేచి నిలిచిరి. ఆ తరువాత వినోబా ఇంచుమించు పదుమూడేండ్లు దేశమంతయు నడచుచు భూమి నడిగెను. నడకకును అడుగుటకును ఉన్న బంధుత్వము మనకు క్రొత్తది కాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

అయితే వినోబా ఎన్ని మైళ్ళు నడచెనో లెక్క చూచి ఎవరును భూమి ఇయ్యలేదు. పాశ్చాత్య దేశములలో ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వేరొక పద్ధతి వ్యాపించెను. ఒకడు కాగితము పట్టుకొని స్నేహితులకడకు వచ్చును. “నేను ఫలాని ఆదివారమున ఇన్ని మైళ్ళు పరుగెత్తెదను, మైలుకు ఇంత చొప్పున మీరు ఫలాని ఆసుపత్రికి ఇయ్యుడు” అని యడుగును. వారు పేరు వ్రాసి, ఎదురుగా అంకె వేసి, సంతకము చేయుదురు. పరుగు ముగిసిన పిదప అతడు మరల వచ్చి సొమ్ము పుచ్చుకొని పోవును. వినుటకు వింతగానే యుండును. ఆసుపత్రికి డబ్బు కావలసినచో తిన్నగా అడుగరాదా, నడుమ ఈ పరుగెందుకు అను ప్రశ్న సహజముగనే పుట్టును.

ఈ యాచారమునకు ముందు కొంత కథ కలదు. అందులో రేడియో పాత్ర చిన్నది కాదు గనుక మన శ్రోతలకు అది రుచింపవచ్చును. 1938 జనవరిలో అమెరికాలో పోలియో వ్యాధి నివారణకై ఒక జాతీయ సంస్థ ఏర్పడెను. ఆ దేశాధ్యక్షుడు రూజ్‌వెల్టు స్వయముగా ఆ వ్యాధివలన కాళ్ళు చచ్చినవాడు. ఎడ్డీ కాంటర్ అను హాస్యనటుడు రేడియోలో మాటలాడుచు, ప్రతివారును ఒక్కొక్క డైము, అనగా పది సెంట్ల బిళ్ళ, నేరుగా అధ్యక్షుని భవనమునకు పంపుడని కోరెను. ‘మార్చ్ ఆఫ్ టైమ్’ అను పేరుతో అప్పటి వార్తా చిత్రములు ప్రసిద్ధములు. ఆ పేరును కొంచెము మార్చి ఈ పిలుపునకు ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ అని పేరు పెట్టినవాడు నతడే. ఉత్తరముల మూటలు అధ్యక్ష భవనమును ముంచెత్తెను. లెక్క చూడగా 26 లక్షల 80 వేల డైములు, అనగా 2 లక్షల 68 వేల డాలర్లు తేలెను. 1950 జనవరిలో ఆరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్ నగరమున తల్లులు వీధి వీధి తిరిగి యడిగిరి. ఇయ్యదలచినవారు ముంగిటి దీపము వెలిగించి యుంచవలెనని ముందుగనే చాటించిరి. దీపము లేని యింటి తలుపు తట్టనక్కరలేదు. అడుగువారికి అవమానము లేదు, ఇయ్యలేనివారికి సంకోచము లేదు. ఆ యుపాయము పన్నినవారెవరో గాని, మనుష్యుల మనస్సు తెలిసినవారు. ఇట్లు చేరిన బిళ్ళలతోనే సాల్క్ పండితుని టీకా సిద్ధమై, అది పనిచేయుచున్నదని 1955 ఏప్రిల్ 12న ప్రకటింపబడెను. ఈ తేదీని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. మరల దానితో పని కలదు.

ఆ నడుమ 1953లో పోర్టోరికో ద్వీపమున రామోన్ రివేరో అను హాస్యనటుడు కాన్సరు నిధికై సాన్ హువాన్ నుండి పోన్సె వరకు ఎనుబది మైళ్ళు నడచెను. తరువాతి దశకమున ఇంగ్లండులోను అమెరికాలోను ఆకలి నివారణకై మైలుకింత యని చందా వ్రాయించుకొను నడకలు మొదలిడెను. వీటినన్నింటిని మించి ఆ పద్ధతికి ప్రాణము పోసినవాడు ఒక కనడా యువకుడు. అతని కథయే ఈ ప్రసంగమునకు ముఖ్యము.

టెర్రీ ఫాక్స్ 1958 జూలై 28న విన్నిపెగ్ నగరమున పుట్టి, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములోని పోర్ట్ కోక్విట్లం అను ఊర పెరిగెను. మనిషి పొట్టి, మక్కువ మాత్రము పొడుగువారి యాటయగు బాస్కెట్‌బాల్ మీద. 1977లో, పదునెనిమిదవ యేట, అతని కుడి మోకాలికి రాచపుండు, నేడు మనము కాన్సరని వ్యవహరించు వ్యాధి, సోకినదని తేలి, మోకాలికి పైన కాలు తీసివేసిరి. శస్త్రచికిత్సకు ముందు రాత్రి అతని పాత శిక్షకుడు ఒక పత్రిక తెచ్చియిచ్చెను. కృత్రిమమైన కాలితో న్యూయార్కు మారథాన్ పరుగు పూర్తిచేసిన డిక్ ట్రామ్ అను నతని వృత్తాంతము అందు కలదు. చదివిన పిల్లవానికి నిద్ర పట్టినదో లేదో!

తరువాత పదునారు నెలలు మందుల చికిత్స. ఆ ఆసుపత్రిలో తనకంటె చిన్నవారు బాధపడుటయు, కొందరు మరి కనబడకపోవుటయు అతడు చూచెను. తాను బ్రదుకుటకు నూటికి ఏబది పాళ్ళు అవకాశము కలదని వైద్యులు చెప్పిరి. రెండేండ్లు ముందు వచ్చియున్నచో అది పదునైదు పాళ్ళే. ఈ రెండంకెల నడుమ నున్న ముప్పదియైదు పాళ్ళు పరిశోధన చలవ. పరిశోధనకు డబ్బు కావలెను. ఎవరో ఇచ్చినందువలన తాను బ్రదికితినని గ్రహించినవాడు ఇతరులకై అడుగుటకు సిగ్గుపడడు.

1979 అక్టోబరులో అతడు కనడా కాన్సరు సంఘమునకు ఉత్తరము వ్రాసెను. దేశము ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తి నిధి ప్రోగుచేసెదనని తెలిపెను. సంఘమువారు వెంటనే పొంగిపోలేదు. ముందు పోషకులను సంపాదించుకొమ్మనిరి. గుండె వైద్యునినుండి పత్రము తెమ్మనిరి. టెర్రీ మరల ఉత్తరములు వ్రాసెను. ఫోర్డు కంపెనీ వండుకొని పడుకొనుటకు వీలగు బండి నిచ్చెను. ఇంపీరియల్ ఆయిల్ పెట్రోలు, అడిడాస్ బూట్లు ఇచ్చెను. తమ సరకును మెచ్చుకొని మాటలాడవలెనని కోరిన కంపెనీలకు మాత్రము అతడు నమస్కారము పెట్టెను. షరతుతో వచ్చిన డబ్బు తనకు వలదనెను. ఇరువది రెండేండ్లైన నిండని కుర్రవానికి ఈ విచక్షణ యెట్లబ్బెనో!

1980 ఏప్రిల్ 12న, అనగా టీకా ప్రకటన జరిగి సరిగా పాతికేండ్లు నిండిన నాడు, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ రేవున అతడు కృత్రిమమైన కాలిని అట్లాంటిక్ సముద్రమున ముంచి పరుగు మొదలుపెట్టెను. రెండు సీసాలలో సముద్రపు నీరు నింపుకొనెను. ఒకటి జ్ఞాపకమునకు, ఒకటి ఆవలి కొనను పసిఫిక్ సముద్రమున కలుపుటకు. బండి నడపుటకు వెంట వచ్చినది డగ్ ఆల్‌వర్డ్ అను మిత్రుడొక్కడే. రోజుకు ఇరువదియారు మైళ్ళు. మంచి కాలిమీద రెండు గెంతులు, కృత్రిమమైన కాలిమీద ఒక అడుగు. అది అతని నడక. తెగిన కాలు బొబ్బలెక్కి రక్తము కారుచుండెను. మొదటి దినములలో గాలి, వాన, మంచు. పోర్ట్ ఓ బాస్క్ అను ఊరు చేరునప్పటికి పరిస్థితి మారెను. పదివేల జనాభా గల ఆ చిన్న ఊరు పదివేల డాలర్లకు పైగా చేతిలో పెట్టెను. తలకొక డాలరు! ఆ లెక్కయే తరువాత అతనికి కొలబద్ద యయ్యెను.

క్వెబెక్ రాష్ట్రములో ఫ్రెంచి మాటలాడు జనమునకు ఈ వార్త చేరనే లేదు. బండ్లవారు త్రోవనుండి తొలగుమని అతనిని ప్రక్కకు నెట్టిరి. జూన్ 22న మాంట్రియల్ చేరునప్పటికి మూడింట ఒక వంతు దూరము గడచెను. చేరినది రెండు లక్షల డాలర్లకు పైన. ఆ సమయమున హోటళ్ళ యజమాని ఐజడోర్ షార్ప్ ముందుకు వచ్చెను. అతని కుమారుడు అంతకు రెండేండ్లు ముందు ఆ వ్యాధితోనే పోయెను. మైలుకు రెండు డాలర్లు తానిచ్చెదననియు, మరి 999 కంపెనీలు అట్లే ఇయ్యవలెననియు అతడు పిలుపిచ్చెను. జూలైలో టొరంటో నగరమున పదివేలమంది ఎదురువచ్చిరి. ఆ యొక్క దినమున లక్ష డాలర్లు చేరెను. మొదట పది లక్షలు చాలుననుకొన్నవాడు, తరువాత కోటి యనెను. చివరకు కనడా జనాభా 2 కోట్ల 40 లక్షలు గనుక మనిషికొక్క డాలరు చాలుననెను.

ఈ ‘మనిషికొక్కటి’ అను మాట నాకు మిక్కిలి నచ్చినది. కారణము చెప్పెదను. పూర్వము నేను పనిచేసిన ఒక కార్యాలయమున ఏదో సత్కార్యమునకై చందా పుస్తకము బల్లనుండి బల్లకు వచ్చుచుండెను. మొదటి పేరు పై యధికారిది. ప్రక్కన పెద్ద అంకె. క్రిందివారందరును ఆ అంకెను చూచి, తమ శక్తిని గాక అతని కన్నును తలచుకొని వ్రాసిరి. నేనును వ్రాసితిని. ఆ నెల మా యింట పాలవానికి చెప్పి పావుశేరు తగ్గించుకొంటిమి. కార్యము మంచిదే, కాని ఆ ఇచ్చుటలో నాకు పుణ్యము వచ్చినదని నేను నమ్మను. సహోద్యోగులను అడుగువారు ఈ సంగతి మరువరాదు. ఒక్క డాలరడిగినవాడు ఎవరికిని అట్టి ఇరుకు కల్పింపలేదు. మైలుకు రెండు డాలర్లిచ్చిన ధనికుడు నుండెను. దారిప్రక్క నిలిచి బిళ్ళ నందించిన ముసలమ్మయు నుండెను.

పరుగెందుకు అను ప్రశ్నకును ఇచ్చటనే సమాధానము కలదనుకొందును. తిరుమల మెట్లెక్కుచు మోకాళ్ళ పర్వతముకడ నిలిచి ఆయాసపడిన మనకు, శరీరముతో చెల్లించు మ్రొక్కు ఎట్టిదో తెలియనిది కాదు. అది మనిషికిని దేవునికిని నడుమ లెక్క. ఈ పరుగులో లెక్క ఇరుగుపొరుగువారి నడుమది. అడుగువాడు ముందు తన వంతు తాను చెల్లించి, పిదప చేయి చాచుచున్నాడు. ఆ చేయి బిచ్చగాని చేయివలె కనబడదు.

1980 సెప్టెంబరు 1న, ఆంటేరియో రాష్ట్రపు థండర్ బే నగర సమీపమున, దగ్గును రొమ్ము నొప్పియు పట్టి అతడు ఆగెను. నొప్పి మొదలైన పిదపకూడ త్రోవ ప్రక్కన జనము నిలిచియున్నంతవరకు పరుగెత్తెనట. వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకెను. 143 దినములు, 5,373 కిలోమీటర్లు. పసిఫిక్ సముద్రము ఇంకను చాల దూరము. కొలది దినములకే టెలివిజనులో సహాయ కార్యక్రమము జరిపి కోటి డాలర్లకు పైగా ప్రోగుచేసిరి. 1981 ఫిబ్రవరి 1 నాటికి నిధి 2 కోట్ల 41 లక్షలు దాటెను. మనిషికొక్క డాలరు! ఆ మాట నెరవేరినట్లు అతడు విని, జూన్ 28న కన్నుమూసెను. ఇరువది మూడేండ్లు నిండుటకు ఒక్క నెల తక్కువ.

ఆ సంవత్సరముననే మార్చి 29న లండన్ మారథాన్ మొదలయ్యెను. ఆసుపత్రులకును అనాథలకును చందాలు వ్రాయించుకొని పరుగెత్తుట అచ్చట క్రమముగా ఆనవాయితీ యైనది. మన దేశమున 2004లో ఆరంభమైన ముంబయి మారథానులోను ఈ పద్ధతి కలదు. వాటి విషయము మరియొకప్పుడు చెప్పుకొనవచ్చును.

టెర్రీ పేర పరుగు ప్రతియేట జరుగవలెనని ఐజడోర్ షార్ప్ సూచింపగా, టెర్రీ బ్రదికియుండగనే సమ్మతించెను. 1981 సెప్టెంబరు 13న జరిగిన మొదటి పరుగులో మూడులక్షలమంది పాల్గొని 35 లక్షల డాలర్లు చేర్చిరి. నేటివరకు అతని పేర చేరిన సొమ్ము 85 కోట్ల డాలర్లను మించినది. ఆ పరుగులో పోటీ లేదు. మొదట వచ్చినవారికి బహుమానము లేదు, చివర వచ్చినవారికి చిన్నతనము లేదు. నడచినను, సైకిలు త్రొక్కినను, చక్రముల కుర్చీలో వచ్చినను సరియే. సెప్టెంబరు వచ్చినంతనే కనడా బడులలో పిల్లలు రెండు డాలర్ల బిళ్ళ యొకటి తెచ్చి పెట్టెలో వేసి, బడి మైదానము చుట్టును పరుగెత్తుదురు. మన ప్రాంతములనుండి అచ్చటికి పోయి స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలును ఆ బడులలో చదువుచున్నవారే.