గోడ మీద తోకెత్తిన దోమ

1897 ఆగస్టు, బేగంపేటలోని సైనిక ఆసుపత్రి. ఉక్కపోత చంపేస్తోంది. పంకా లాగిద్దామంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. డాక్టర్ రొనాల్డ్ రాస్ నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. ఉన్న ఒక్క ఐపీస్ కూడా పగుళ్లిచ్చింది.

మలేరియాను దోమే మోస్తుందేమోనన్న ఊహ రాస్‌ది కాదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఎక్కించి పంపినది. అప్పటినుంచీ ఒకటే పని. జ్వరం మనిషిని దోమతెరలో పడుకోబెట్టడం, దోమల్ని వదలడం, అవి రక్తం తాగాక పొట్ట చీల్చి చూడటం. ఏమీ కనిపించేది కాదు. కనిపించకపోవడంలో వింతేముంది? ఆయన కోసినవి క్యూలెక్స్, ఈడిస్ దోమలు. మనిషి మలేరియాను అవి మోయవు. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్లెవరు?

ఆ రోజుల్లోనే ఆసుపత్రి అసిస్టెంటు ఒకాయన గోడ మీద తోక పైకెత్తి కూర్చున్న చిన్న దోమను చూపించాడు. మామూలు దోమ అలా కూర్చోదు. 1923లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాస్ ఈ ముచ్చట రాశాడు. ఆ అసిస్టెంటు పేరు మరిచిపోయానని నొచ్చుకున్నాడు కూడా. నా మటుకు నాకు ఈ కథలో అందరికన్నా ఆయన మీదే మక్కువ. పెద్ద డాక్టరు కటకంలోకి వంగి ఉంటే, గోడవైపు చూసింది ఆయనే.

సీసాలో తెచ్చిన పిల్లపురుగుల నుంచి కూడా రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు, అంటే అనాఫిలిస్ దోమలు, పుట్టుకొచ్చాయి. 16న వాటిని హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలారు. రక్తం తాగిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు.

20వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఏడో దోమ వంతు వచ్చింది. అప్పటికే కళ్లు అలసిపోయాయి. పొట్ట గోడలో గుండ్రని కణం ఒకటి కనిపించింది. అందులో నల్లని రేణువులు! మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులే. మర్నాడు ఇంకో దోమను కోస్తే అలాంటి కణాలే మరింత పెద్దవిగా కనిపించాయి. అంటే అక్కడ ఏదో పెరుగుతోందన్నమాట.

తర్వాత రాస్‌కు బదిలీ, కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని, 1902లో నోబెల్. అవన్నీ తెలిసినవే.

ఆ అనాఫిలిస్‌ల వెంటే ఇప్పుడు నాగార్జునసాగర్ ఎడమ కాలువ పక్కనున్న మిర్యాలగూడ, కోదాడ పొలాలకు రండి. పల్లెల్లో మలేరియాను మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్. ఎండ తగిలే తేట నీళ్లంటే దానికి ఇష్టం. అంటే కొత్తగా నాట్లు వేసిన మడి, కాలువ ఊటనీళ్లు. పైరు ఎదిగి నీడ కమ్మితే అక్కడ తగ్గిపోతుంది. సూర్యాపేట లాంటి పట్నంలో మూతలేని నీళ్ల ట్యాంకు మరో అనాఫిలిస్‌కు, స్టీఫెన్సైకి, సరిపోతుంది. మురుగు కాలువల మీద పొగ కొట్టినంత మాత్రాన ఈ రెండింటికీ పెద్దగా అంటేదేం లేదు.

అందుకే మలేరియా దోమల చదువులోకి వచ్చే కుర్రవాళ్ల తొలి పాఠం చాలాసార్లు పశువుల కొట్టంలోనే. క్యూలిసిఫేసీస్‌కు మనిషికన్నా పశువు రక్తమే ఎక్కువ ఇష్టం. తెల్లవారుజామున టార్చి వేసి, గోడకు అంటుకున్న దోమల్ని గొట్టంతో పీల్చి పట్టాలి. వాటి పొట్టలో ఉన్నది బర్రె రక్తమా, మనిషి రక్తమా అన్నది ల్యాబులో తేలాలి. ఆ తర్వాతే మందు కొట్టంలో కొట్టాలా, ఇంట్లో కొట్టాలా అన్న మాట.