ఫిడేలు (కర్ణాటక సంగీతం)

ఐరోపా నుంచి వచ్చి కర్ణాటక సంగీతంలో పక్కవాద్యంగా స్థిరపడిన తంత్రీవాద్యం. వయొలిన్ అనీ అంటారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) దీన్ని మన సంగీతానికి మలచినవారిలో ప్రథముడని ప్రసిద్ధి.

వాద్యం మారలేదు, పట్టే తీరు మారింది. విద్వాంసుడు నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఎడమ భుజం దగ్గర ఛాతీకి అదుముకుంటాడు. గడ్డంతో పట్టే పని లేదు కనుక ఎడమచేయి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది; గమకం పలికేది ఆ జారులోనే. నాలుగు తీగలను మంద్ర షడ్జ పంచమాలకూ, మధ్య షడ్జ పంచమాలకూ శ్రుతి చేస్తారు. కచేరీలో గాయకుడి ఆలాపనను వెన్నంటి, ఆయన ఆగినచోట అందుకోవాలి. ముందుగా అనుకున్నది ఏదీ ఉండదు. అందుకే ఇది కష్టమైన విద్య.

తెలుగునాట ఫిడేలు అంటే ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964). చూపు మందగించినా ఆయన కమాను నాదంలో తొణుకు లేదు. పక్కవాద్యాన్ని ఒంటరిగా కచేరీ నిలబెట్టే స్థాయికి తెచ్చిన ఘనత ఆయనదే అనడం అతిశయోక్తి కాదు. విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.