ఒక పదము, పలు వ్రాతలు: స్కాట్సు భాషాచరిత్రము

ఒక భాషకు లిపి యున్నంత మాత్రమున దానికి స్థిరమైన వర్ణక్రమముకూడ నున్నదని తలంపరాదు. ఒకే పదమును పలువురు పలువిధముల వ్రాయుటయు, ఒక్కొక్కప్పు డొక్క లేఖకుడే ఒకే పుటలో రెండుమూడు విధముల వ్రాయుటయు పెక్కు భాషల చరిత్రములో కానవచ్చును. స్కాట్లాండు దేశపు పల్లపుసీమలలో పెరిగిన స్కాట్సు భాష యిందులకు మంచి నిదర్శనము. అందలి రూపభేదములను నేడు కంప్యూటరులు 'అల్గారిథము' లనబడు గణనపద్ధతులచే పోల్చుచున్నవి. ఆ పోలికవలని మేలుకీడులను విచారింతము.

స్కాట్సు ఇంగ్లీషునకు తోబుట్టువు. ఉన్నతభూములలోని గేలిక్కు భాష వేఱు. 15, 16 శతాబ్దములలో స్కాట్సు రాజసభలోను, న్యాయస్థానములలోను, కవిత్వమునందును వెలసినది. జాన్ బార్బరు 1375 ప్రాంతమున రచించిన 'బ్రూసు' కావ్యమునకు మనకు దక్కిన వ్రాతప్రతులు 1487, 1489 సంవత్సరముల నాటివి. కావున వానిలోని వర్ణక్రమము కవిదనుటకంటె లేఖకులదనుటయే యుక్తము. 1560లో మతసంస్కరణము జరిగిన పిదప దేవాలయములలో ఇంగ్లీషు బైబిలు నిలిచెను. 1603లో రాజు లండనునకు తరలిపోయెను. 1707లో పార్లమెంటులు రెండును ఏకమయ్యెను. ముద్రాయంత్రము ఇంగ్లీషు వర్ణక్రమమును స్థిరపఱచుచున్న కాలముననే స్కాట్సునకు సభయు, కచేరియు లేకపోయినవి. ఇక దాని వ్రాతకు కట్టుబాటు చేయువా రెవరు? 1947లో ఎడింబరో నగరమున కొందఱు కవులు కూడి కొన్ని నియమముల నేర్పఱచిరి గాని, అవి యెల్లరకును శాసనము కాలేదు.

ఈ భేదము లెట్టివో చూతము. 'మంచి' అను నర్థముగల పదమును జీ-యూ-డీ-ఈ అనియు, జీ-యూ-ఐ-డీ అనియు వ్రాసిరి. ఇంగ్లీషువారు డబ్ల్యూ-హెచ్-ఏ-టీ అని వ్రాయు ప్రశ్నపదమును ప్రాచీన స్కాట్సులో క్యూ-యూ-హెచ్-ఏ-టీ అని వ్రాసెడివారు. తొలి రూపముతో వెదకువానికి రెండవ రూపముగల పత్రము దొరకదు. దొరకని పత్రము ఉండియు లేనిదే కదా!

ఇందుకు మొదటి యుపాయము ధ్వనిసంకేతము. 1918లో రాబర్టు రస్సెలను నమెరికను పేళ్లను సూచికలలో కూర్చుటకై యొక పద్ధతికి పేటెంటు పొందెను. 'సౌండెక్సు' అను నీ పద్ధతిలో తొలి యక్షరము నుంచి, అచ్చులను వదలి, తక్కిన హల్లులకు అంకెల నిత్తురు. 'మంచి' యొక్క రెండు రూపములకు దీనివలన ఒకే సంకేతము వచ్చును. కాని స్కాట్సులో 'దారి' అను నర్థముగల జీ-ఏ-టీ-ఈ అను పదమునకును అదియే వచ్చును. ప్రశ్నపదము మాట చెప్పనక్కఱలేదు. తొలి యక్షరములే వేఱు గనుక దాని రెండు రూపములును కలియనే కలియవు.

రెండవది దూరగణనము. 1965లో రష్యా దేశీయుడగు లెవెన్‌స్టెయిను ఒక పదమును మఱియొక పదముగా మార్చుటకు ఎన్ని యక్షరములు చేర్పవలెనో, తీయవలెనో, మార్పవలెనో లెక్కించు మార్గమును ప్రకటించెను. ఆ లెక్క ప్రకారము ప్రశ్నపదపు రెండు రూపములకు నడుమ దూరము 2. అయితే డబ్ల్యూ-హెచ్-ఏ-టీ అనుదానికి, 'అది' అను నర్థముగల టీ-హెచ్-ఏ-టీ అనుదానికి దూరము 1 మాత్రమే! కన్నబిడ్డకంటె పొరుగుబిడ్డ దగ్గఱ యైనట్లున్నది.

కావున భాషయొక్క స్వభావము నెఱుగని లెక్క గ్రుడ్డిది. క్యూ-యూ-హెచ్ స్థానమున డబ్ల్యూ-హెచ్ వచ్చుట స్కాట్సులో సహజము. యూ, వీ, డబ్ల్యూ లొకదాని కొకటి మాఱుట సాధారణము. అచ్చు తరువాతి ఐ దీర్ఘమునకు గుర్తు. ఇట్టి మార్పులకు స్వల్పమైన వెలయు, ఇతరములకు హెచ్చు వెలయు కట్టి, పొరుగుపదములనుకూడ పరికించినయెడల ఫలము మెఱుగగును. ఆ నియమములు నిఘంటుకారుల శ్రమఫలములు. ప్రాచీన స్కాట్సు నిఘంటువు పండ్రెండు సంపుటములుగా 2002లో ముగిసినది. ఆధునిక భాషకు పది సంపుటముల నిఘంటువు 1931లో మొదలై 1976లో పూర్తియైనది. 2004లో ఈ రెండును ఏకమై అంతర్జాలమున నెల్లరకును ఉచితముగా లభించినవి. యంత్రముయొక్క వేగము వారి యోర్పునకు ఋణపడియున్నది.

ఇక ముఖ్యమైన ధర్మసందేహ మొకటి కలదు. రూపములను పోల్చుట వేఱు, దిద్దుట వేఱు. ఈశాన్య స్కాట్లాండున నదే ప్రశ్నపదమును ఎఫ్-ఐ-టీ అని పలికి వ్రాయుదురు. ఇంగ్లీషు మాత్రమే యెఱిగిన యంత్రము దానిని 'తగినది' అను నర్థముగల పదముగా గ్రహించును. లేక తప్పని దిద్దును. ఇంటిభాషను పలికినందుకు బడిలో బిడ్డలను గద్దించి, అది చెడిన ఇంగ్లీషని చెప్పిన కాలము ఆ దేశమున చిరకాలము నడచినది. ఆ యవమానమునే యంత్రముచేత మరల చేయింపరాదు. 2011 జనగణనలో పదునైదు లక్షలకు పైబడిన జనులు తమకు స్కాట్సు మాటాడ వచ్చునని తెలిపిరి. 2025లో స్కాట్లాండు పార్లమెంటు ఆ భాషకు అధికారిక ప్రతిపత్తి నిచ్చుచు శాసనము చేసినది.

కావున మా యభిప్రాయ మిది. మూలములోని వ్రాతను ఉన్నదున్నట్లుంచి, దాని ప్రక్కను పోలిక రూపమును సూచికగా మాత్రమే చేర్పవలెను. ఒక్కొక్క వ్రాత ఒక్కొక్క సీమకును, కాలమునకును, నోటికిని సాక్ష్యము. వెదకువానికి దారి చూపుటకై ఆ సాక్ష్యమును చెఱపివేయుట విద్య గాదు.