నంద్యాల సీమలో ఆట మౌసు

ఒక పరికరము నమ్మదగినదా కాదా యని తేల్చుటకు దానిని చేసినవాని మాట చాలదు. పదిమంది దానిని పదిరకములుగ మోటుగా వాడిన చోటికి పోయి విచారింపవలెను. కంప్యూటరు ఆటలకు వాడు మౌసు విషయమున మన రాయలసీమలో అట్టి చోటు నెట్ సెంటరు. ఇరువదియేండ్ల క్రిందట నంద్యాల శ్రీనివాస సెంటరు వంటి రద్దీ తావులలోను, ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలి పరిసరములందును, మేడమెట్ల క్రింది యిరుకు గదులలో ప్లైవుడ్డు అరలు కట్టి, అరకొక కంప్యూటరు నుంచి, గంటకింత యని పుచ్చుకొని నడిపిన ఆ దుకాణములు నేడు చాలవరకు మూతపడినవి గాని, మౌసు గుణదోషములను అవి పరీక్షించినంత నిర్దాక్షిణ్యముగా ఏ ప్రయోగశాలయు పరీక్షించి యుండదని నా నమ్మకము.

మౌసు ఆటలకై పుట్టినది కాదు. అమెరికాలో మెన్లో పార్కునందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను శాస్త్రజ్ఞుడు, యంత్రసహాయమున మానవుని ఆలోచనాశక్తిని పెంపొందించు మార్గములను వెదకుచు దీనిని ఊహింపగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లీష్ 1964లో ఒక చెక్కదిమ్మెను తొలిచి, దాని యడుగున ఒకదానికొకటి అడ్డముగా రెండు చక్రములను, పైన ఒక బొత్తామును అమర్చి చేసి యిచ్చెను. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బార్ట్ తొంబది నిమిషముల ప్రదర్శనలో దానిని సభాముఖమున చూపెను. 1970 నవంబరు 17న పేటెంటు లభించెను. చక్రములను తొలగించి వాని స్థానమున దొర్లెడి బంతిని పెట్టిన మౌసును ఆ 1968లోనే జర్మనీ దేశపు టెలిఫుంకెన్ సంస్థ విక్రయమునకు పెట్టెను. అటుపిమ్మట జిరాక్సు వారి పరిశోధనాలయమును దాటి, 1984లో మాకింతోష్ వెంట గృహములకును, 1995లో విండోస్ వెంట లోకమంతటికిని అది ప్రాకెను. ఇంత చరిత్రలో దానిని కల్పించినవారి మనసున నున్నవాడు లేఖకుడు, గుమాస్తా, చిత్రకారుడు. నిమిషమునకు నూరుమార్లు బొత్తాము నొక్కుచు, పల్లు బిగబట్టి మేజాపై దానిని ఈడ్చికొట్టు పదునెనిమిదేండ్ల కుర్రవాడు కాడు.

ఆ కుర్రవాడు మన ప్రాంతమునకు వచ్చిన తీరు కొంత చెప్పవలసియున్నది. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ దేశమున ఇంటర్నెట్టును ప్రజలకు తెరచెను. నంద్యాలలో రాజీవ్‌గాంధీ స్మారక ఇంజనీరింగు కళాశాల వెలసినదియు ఆ 1995లోనే. 1997లో భారతదేశము ప్రపంచ వాణిజ్య సంస్థవారి సమాచార సాంకేతిక ఒప్పందమున చేరుటచే కంప్యూటరు సామగ్రిపై దిగుమతి సుంకము క్రమక్రమముగా తగ్గి, 2005 నాటికి చాలవరకు తొలగిపోయెను. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలు ఇంటర్నెట్టు అమ్ముకొనుటకు అనుమతి వచ్చెను. హైదరాబాదులో సైబర్ టవర్సుకు ప్రారంభోత్సవము జరిగినదియు ఆ నెలలోనే. ఈ యైదు సంగతులును ఒక్కచో కలిసిన ఫలితమే నెట్ సెంటరు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, అనగా వ్యాపారులందరు సి.టి.సి. యని పిలుచు ఆ అంగడుల గుంపు, జిల్లా పట్టణములకు తల్లి బజారు వంటిదయ్యెను. అచ్చట డజనుల లెక్కన కొన్న చౌక మౌసులు, బస్సు టాపుపై అట్టపెట్టెలలో సీమకు దిగుచుండెను.

ఎంసెట్ ఫలితములు వెలువడు రోజున ఆ దుకాణముల ముందు తల్లిదండ్రులు బారులు తీరుచుండిరి. తక్కిన దినములన్నియు కుర్రవారివే. రోడ్ రాష్, వైస్ సిటీ వంటి ఆటలలో ఆరంభకుడు కీబోర్డుతోడనే కాలక్షేపము చేయగలడు. కాని 1999లో ఇద్దరు యువకుల ఉబలాటముగా మొదలై, 2000లో వాల్వ్ సంస్థ విక్రయమునకు తెచ్చిన కౌంటర్ స్ట్రైక్ వచ్చినపిదప లెక్క మారెను. దానిలో కీబోర్డు కాళ్లు మాత్రమే; కన్నును, చేయియు, గురియు మౌసే. ఒక్క తీగపై ఎనిమిది కంప్యూటర్లను కలిపి ఇటు నలుగురు అటు నలుగురు ఆడుచుండ, వ్రేలి వెంట్రుకవాసి కదలికలో గెలుపోటములు తేలునప్పుడు, మౌసు ఒక్కమారు మొరాయించినచో ఆడువాడు చచ్చినట్లే. కావున మంచి మౌసు ఏ అరలో నున్నదో ఎరిగి, దానికొరకు ముందే వచ్చి కూర్చుండు యుక్తిపరులు ప్రతి దుకాణమునకును ఉండిరి. మౌసును ఎంచుకొనుట యను విద్య మనయొద్ద ఆరంభమైనది ఇట్లు, కొనుటతో కాక, కుర్చీ పట్టుటతో.

నాటి మౌసు బంతి మౌసు. దాని పొట్టలో రబ్బరు తొడిగిన ఇనుపగుండొకటి యుండును. అది దొర్లుచు రెండు సన్నని కడ్డీలను త్రిప్పును. కడ్డీల చివర గంట్లు గల చిన్న బిళ్లలు తిరుగుచు, పరారుణ కిరణమును తెంపుచు కూర్చుచు నుండగా, ఆ తెంపులను లెక్కించి యంత్రము బాణపు గుర్తును కదుపును. మూడవ కడ్డీ స్ప్రింగు బలముతో గుండును తక్కిన రెంటికి అదిమిపట్టును. ఎంత చక్కని యేర్పాటు! కాని నంద్యాల నల్లరేగడి నేల; ఇది 1906 నుండి వ్యవసాయ పరిశోధన క్షేత్రము కలిగి, ‘నరసింహ’ యను ప్రత్తిరకమును రైతులకిచ్చిన పట్టణము. వేసవి గాలికి లేచు రేగడి దుమ్మును, బట్టల నూగును, వందల చేతుల చెమటజిడ్డును గుండునకు అంటి, కడ్డీలపైకి ఎక్కి, నల్లని తాడు చుట్టినట్లు గట్టిపడును. అంతట బాణపు గుర్తు పైకి పోవును గాని ప్రక్కకు పోదు.

“అన్నా, ఈ మౌసు పట్టుకుంటాంది, వేరే సిస్టం ఇయ్యన్నా” యని కుర్రవాడు మొరపెట్టుకొనును. “బాల్ తీసి తుడ్సుకోప్పా” యని యజమాని బల్ల వెనుకనుండియే తీర్పు చెప్పును. అడుగునున్న వలయపు మూతను త్రిప్పి, గుండును అరచేత పట్టి, కడ్డీపై పేరిన మడ్డిని గోటితో గీకి, నోటితో ఊది, గుండును చొక్కాయంచున తుడిచి మరల బిగించుట పట్టున ఒక నిమిషము పని. గోటికి లొంగని మడ్డికి సగము బ్లేడు ముక్క యుండును. ఈ పరిచర్యలో రెండాపదలు కలవు: ఒకటి, మూడవ కడ్డీ స్ప్రింగు ఊడుట, రెండవది, గుండు కనబడకపోవుట. నున్నగా, బరువుగా నుండి చేతికింపైన ఆ గుండుపై బాలురకు గల మమకారమును తాళలేక కొందరు యజమానులు మూతను జిగురుతో అతికించిరి. అతికించిన మౌసు మరల శుభ్రపడదు గనుక కొలదినాళ్లకే చచ్చును. దొంగతనమునకు విరుగుడు రోగముకంటె కష్టమైనదన్నమాట.

ఈ బాధకు చికిత్స కాంతిచే వచ్చెను. వెలుతురుతో కదలికను కనిపెట్టు మౌసులు 1980 ప్రాంతముననే అమెరికాలో పుట్టినను, గళ్లు గీసిన ప్రత్యేకపు పలకపై తప్ప అవి పనిచేయవు. 1999లో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ ఆ పలక యవసరమును తొలగించెను: అడుగున ఎఱ్ఱని దీపము వెలుగుచుండ, చిన్న కన్ను నేలను సెకనుకు 1500 చిత్రములు తీయుచు, వరుస చిత్రములను పోల్చి ఎటు కదలితినో తెలిసికొనును. గుండు లేదు, కడ్డీ లేదు, గీకుట లేదు. కొలదియేండ్లకు దాని చౌక బంధువులు మన దుకాణములకును దిగి, చీకటి అరలలో ఎఱ్ఱగా మిలమిలలాడసాగినవి.

అయితే ఒక సంకటము పోగా మరియొకటి వచ్చెను. మెరయు సన్‌మైకా బల్లపై ఆ కంటికి ఆనవాలు దొరకదు. గాజుపై అసలే దొరకదు. చౌక కన్నునకు మరియొక దోషము: చేతిని ఒక్క విసురున త్రిప్పినచో వరుస చిత్రములు ఒకదానికొకటి పొందక కన్ను భ్రమించి, ఆటగాని చూపును ఉన్నట్టుండి ఆకాశమునకో, కాళ్లవైపునకో విసరివేయును. ఎదుట శత్రువు నిలుచుండగా వీడు మబ్బులను లెక్కపెట్టుచుండును! బల్ల దోషమునకు పరీక్ష వ్రాయు అట్టయే గాక గుడ్డచాపయు సులభముగా దొరకినది గాని, కంటి దోషమునకు కన్నును మార్చుటయే తప్ప వేరు మందు లేకపోయెను. నేడీ విషయమున చింత లేదు. వేయి, పదునైదు వందల రూపాయల ఆట మౌసులో సైతము, మానవహస్తము ఎంత వేగముగా విసరినను తడబడని కన్ను లభించుచున్నది. ఇది నిజముగా ఈ ఇరువదియేండ్ల గొప్ప లాభము. దీనిని గుర్తింపనివారే ఇంకను పెట్టెపై అంకెలను చూచి మోసపోవుచున్నారు. డి.పి.ఐ. యనగా అంగుళము కదలికను మౌసు ఎన్ని భాగములుగ చెప్పునో ఆ లెక్క. పాతికవేలు, ముప్పదివేలు అని పెట్టెలపై అచ్చువేయుచున్నారు గాని, వృత్తిగా ఆడు మేటి ఆటగాండ్రలో పెక్కుమంది 400కో 800కో పెట్టుకొని ఆడుదురు. పెద్ద అంకె దుకాణదారునికి అలంకారము.

నేటి మౌసు ప్రాణము కన్నులో లేదు, బొత్తాములో నున్నది. ఈ సంగతిని కొంత నిదానించి చెప్పెదను. ఎడమ బొత్తాము క్రింద ఒక చిన్న స్విచ్చి యుండును. దానిలో పలుచని లోహపు రేకు వంగి, ఎదుటి లోహపు మొనను తాకి ‘టక్’ మని శబ్దించును. రేకు తాకిన క్షణమున కంటికి కనబడకుండ పలుమార్లు ఎగిరిపడును. ఆ ఎగిరిపాటును ఒక్క నొక్కుగా లెక్కించుటకు యంత్రము కొన్ని మిల్లీసెకనులు ఓర్చుకొనును. వాడుకచే మొనలు అరిగియో, చెమ్మకు పొరబట్టియో, రేకు బలము తగ్గియో ఆ ఎగిరిపాటు హద్దు మీరినచో, ఒక్కమారు నొక్కిన రెండుమార్లు నొక్కినట్లగును. పట్టి లాగినది నడుమనే జారిపోవును. దీనిని మనవారు “డబల్ క్లిక్ రోగ”మందురు. జపానుదేశపు ఆమ్రాన్ సంస్థ స్విచ్చులు కోటి, రెండు కోట్లు, అయిదు కోట్ల నొక్కుల వరకు మన్నునని చెప్పబడును గాని, ఆ లెక్క యంత్రపు వ్రేలితో శుభ్రమైన గదిలో కట్టినది. మన ఉక్కయు, దుమ్మును, మన కుర్రవారి చూపుడువ్రేలి కోపమును అందులో చేరవు. ఈ కారణముననే కొన్ని సంస్థలు ఇటీవల లోహపు తాకిడిని విడిచి, కిరణము తెగుటచే నొక్కును గుర్తించు స్విచ్చులను వాడుచున్నవి. వానిలో తాకెడి మొనలు లేవు కనుక ఈ రోగమునకు మూలమే లేదు.

బొత్తాము గుణమును కొనక మునుపే చెవితో పరీక్షింపవచ్చును. ఆళ్లగడ్డవారికి ఈ పరీక్ష విడమరచి చెప్పనక్కరలేదు. అహోబిలము పోవు యాత్రికులు దారిలో చూచు ఆ శిల్పశాలలు, దురుగడ్డ బాలవీరాచారి గారి పరంపర మొదలుకొని పెంపొంది, నేడు భౌగోళిక సూచిక గుర్తింపునుకూడ పొందినవి. శిల్పశాస్త్రము శిలను సుత్తితో తట్టి నాదమును బట్టి జాతిని నిర్ణయింపుమని చెప్పును: గంటవలె మ్రోగునది విగ్రహమునకు, మూగగా పలుకునది పునాదికి. మౌసు బొత్తామును గూడ అట్లే చెవియొద్ద నుంచుకొని నొక్కి చూడుడు. ఎడమయు కుడియు ఒకే స్వరమున, స్ఫుటముగా పలుకవలెను. ఒకటి బిరుసుగా, ఒకటి వదులుగా నున్నచో, బొత్తాము ప్రక్కలకు కదలి కిరకిర మన్నచో, ఎంత పేరుగల సంస్థదైనను తిరిగి పెట్టెలో పెట్టింపుడు.

ఇక ఆ నెట్ సెంటర్లు మూతపడిన తీరు చెప్పెదను. 2011లో కేంద్రము సైబరు కేఫులకు నియమములు విధించుటచే, వచ్చినవాని గుర్తింపు కాగితము చూచి పుస్తకమున వ్రాయు పని యజమానుల నెత్తిన పడెను. 2016 సెప్టెంబరులో చౌక ఫోను ఇంటర్నెట్టుతో జియో వచ్చెను. 2018లో పబ్‌జీ యను ఆట చేతిలోని ఫోనులోనికే వచ్చి కూర్చుండెను. ఇక అరల గదికి పోవువాడెవ్వడు? 2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లా కేంద్రమగు నాటికి అచ్చటి పాత దుకాణములలో పెక్కు జిరాక్సు, ఆధారు, ఆన్‌లైను దరఖాస్తుల కేంద్రములుగ మారిపోయినవి. వానిలో నేడును మౌసు కలదు. దానిపై ఆదరము లేదు.

అయినను ఆట చావలేదు. 2020లో వెలువడిన వాలొరాంట్ వంటి ఆటలకొరకు ఇంజనీరింగు విద్యార్థులు హాస్టలు గదులలో, ఇండ్లలో లాప్‌టాపులు పెట్టుకొని ఆడుచునే యున్నారు. వారు మౌసు కొనునప్పుడు నేను చెప్పునది కొంచెమే. తీగ గలదియే మొదట కొనుడు. బ్యాటరీ బెంగ లేదు, అదే ధరకు మేలైన స్విచ్చి వచ్చును. సెకనుకు వేయిమారులు కదలికను తెలుపునదిగా నుండవలెను. సాధారణపు మౌసు నూటయిరువదియైదు మార్లే తెలుపును. చేతికి పట్టినదా యని అంగడిలో పట్టి చూడక, బొమ్మను చూచి తెప్పించుకొనవలదు. రంగురంగుల దీపములకు ఒక్క రూపాయి యెక్కువ ఇయ్యవలదు. అన్నింటికంటె ముఖ్యము, పూచీ ఎన్ని సంవత్సరములో అడుగుడు: రెండేండ్లకు తక్కువైనదానిని ఆటకు కొనకుడు, ఏలయన డబల్ క్లిక్ రోగము పెక్కు మౌసులకు ఏడాది గడచిన పిదపనే తలయెత్తును. కొన్ననాటి రశీదును పెట్టెతోకూడ దాచుకొనుడు. అది లేనిచో పూచీ పనిచేయదు.