అమియెన్స్ ఫిరంగిని పట్టుకున్నది ఎవరు?

మేముండే కాన్‌బెర్రాలోని వార్ మెమోరియల్ దగ్గరున్న వస్తువుల్లో పెద్ద పేరున్నది అమియెన్స్ ఫిరంగి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ల దగ్గర్నుంచి పట్టుకున్నది. ఇప్పుడు మిగిలింది పొడవాటి ఇనుప గొట్టం మాత్రమే. "అమ్మా, దీన్ని పట్టుకుందెవరు?" అని మా అబ్బాయి అడిగాడు. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ పిల్లలు స్కూలుకెళ్లాక, కుక్కర్ పెట్టి, నేషనల్ లైబ్రరీ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన పాత పేపర్లు, మెమోరియల్ వాళ్ల రికార్డులు చదవడం మొదలుపెడితే ఆ ఒక్క ముక్క సరిపోదనిపించింది.

ఇది రైలు మీద తిరిగే ఫిరంగి. గొట్టం లోపలి వెడల్పు 28 సెంటీమీటర్లు. ఒక్కో గుండు బరువు దాదాపు 300 కిలోలు. జర్మన్లు దీన్ని పట్టాల మీద నిలిపి, దూరాన ఉన్న ఫ్రాన్స్ నగరం అమియెన్స్ మీద పేల్చేవారు. 1918 వసంతంలో ఆ ఊరి జనం ఇళ్లకు తాళాలేసుకుని వెళ్లిపోయారు. పొయ్యి మీద గిన్నె, ఆరేసిన బట్టలు ఎక్కడివక్కడ వదిలి వెళ్లడమంటే ఏమిటో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

1918 ఆగస్టు 8న మిత్రపక్షాలు పెద్ద దాడి చేశాయి. ఆర్బోనియేర్ అనే ఊరి దగ్గర ఈ ఫిరంగి రైలు మీద బ్రిటిష్ విమానం బాంబు వేసింది. మందుగుండు వ్యాగన్లు అంటుకున్నాయి. తర్వాత బ్రిటిష్ అశ్విక దళం వచ్చి, మిగిలిన సిబ్బందిని బందీలుగా పట్టుకుంది. ఆ వెనకే ఆస్ట్రేలియా 31వ బెటాలియన్ సైనికులు వచ్చారు. చివరికి ఆస్ట్రేలియా ఇంజనీర్ దళంవాళ్లు కొందరు, ఇంజన్‌లో ఇంకా ఆవిరి ఉండటం చూసి, మండుతున్న వ్యాగన్లను విడదీసి, ఫిరంగిని తమ వైపు లాక్కొచ్చారు.

ఇప్పుడు చెప్పండి, పట్టుకున్నది ఎవరు? బ్రిటిష్‌వాళ్లు మేమన్నారు, ఆస్ట్రేలియావాళ్లు మేమన్నారు. ఇక్కడ ఎక్కువగా వినిపించే పేరు 31వ బెటాలియన్‌ది. నాకు మన పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. పిండి కొట్టేది ఒకరు, పాకం పట్టేది ఒకరు, తెల్లవార్లూ పొయ్యి దగ్గర కూర్చునేది ఇంకొకరు. "అరిసెలు ఫలానా పిన్ని చేసింది" అని పేరు మాత్రం ఒక్కరికే.

ఫిరంగిని ముందు పారిస్‌లో జనానికి చూపించారు. తర్వాత ఓడెక్కించి ఆస్ట్రేలియా తెచ్చారు. జర్మనీ పట్టాల వెడల్పు, న్యూ సౌత్ వేల్స్ పట్టాల వెడల్పు ఒకటే. సిడ్నీ సెంట్రల్ స్టేషన్ దగ్గర కొన్నాళ్లుంచి, 1923లో కాన్‌బెర్రా తీసుకొచ్చి రైల్వే స్టేషన్ దగ్గర పెట్టారు. రెండో యుద్ధం వచ్చాక దాని బండిని ఆయుధ పరీక్షల కోసం దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ వేక్‌ఫీల్డ్‌కి పంపారు. 1960లలో ఆ బండి తుక్కు కిందికి పోయింది. ఒకప్పుడు జనం ఎగబడి చూసిన వస్తువుకే ఆ గతి పట్టింది.

మొదటి యుద్ధంలో పోయిన ఆస్ట్రేలియా సైనికులు దాదాపు 60,000 మంది. పట్టుకొచ్చిన ఫిరంగులు, మెషిన్ గన్‌లు ఊరూరా పంచినప్పుడు, మాకొద్దన్న ఊళ్లు కూడా ఉన్నాయి. కొడుకుని పోగొట్టుకున్న తల్లి రోజూ బజారుకెళ్లే దారిలో ఫిరంగి కనబడితే ఎలా ఉంటుందో ఊహించగలను.

అందుకే మా వాడికి పేరు చెప్పి ఊరుకోలేదు. విమానంలో వచ్చినవాళ్లు, గుర్రాల మీద వచ్చినవాళ్లు, నడిచొచ్చినవాళ్లు, మంటల మధ్య ఇంజన్ నడిపినవాళ్లు, అందరినీ చెప్పాను. ఇల్లు వదిలి వెళ్లిన అమియెన్స్ వాళ్లనీ చెప్పాను. ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు గోల్కొండలో పేట్ల బురుజు మీదున్న ఔరంగజేబు ఫిరంగి ఫతే రహ్‌బర్‌ని చూపించాలి. 1687లో అది పేలుతుంటే కోట లోపల వంట చేస్తున్నవాళ్ల సంగతేమిటని వాడే అడుగుతాడేమో చూడాలి.